అమ్మ చేతి కొలతలు: ఒక ఆవకాయ పని డైరీ

2024 నవంబరు 24, తెనాలి

అమ్మ సంవత్సరీకం పూర్తయింది. బంధువులందరూ వెళ్ళిపోయాక నేనూ, తమ్ముడూ, చెల్లెలూ కలిసి అమ్మ ట్రంకుపెట్టె తెరిచాము. రెండు పట్టుచీరలు, నాన్నగారి కళ్ళజోడు, మా ముగ్గురి స్కూలు సర్టిఫికెట్లు, వాటి అడుగున పదకొండు పాత డైరీలు కనిపించాయి. కొట్లవాళ్ళు కొత్త సంవత్సరానికి ఇచ్చే డైరీలలో నాన్నగారు రాయకుండా వదిలేసిన పేజీలను అమ్మ ఇంటి లెక్కలకు వాడుకుంది. పాలవాడి పద్దు, చాకలి పద్దు, మా జ్వరాల తేదీలు, ఎవరి పెళ్ళికి ఎంత చదివించామో ఆ వివరాలు, వాటి మధ్య అక్కడక్కడా పచ్చళ్ళ కొలతలు ఉన్నాయి.

ఆ పచ్చళ్ళ పేజీల కోసమే ఈ పని మొదలుపెడుతున్నాను. అమ్మ పోయిన తర్వాత వచ్చిన మొదటి వేసవిలో, అంటే మొన్న మేలో, హైదరాబాదులో నేను ఒక్కదాన్నే ఆవకాయ పెట్టాను. అంతకుముందు ఎప్పుడో ఫోనులో అమ్మ చెప్పగా రాసుకున్న మాట ఒక్కటే నా దగ్గర ఉంది: ఆరుకు ఒకటి, కారం ఉప్పు ఆవపిండి సమానం. నేను అలాగే పెట్టాను. శ్రావణం వచ్చేసరికి పైన తెల్లగా బూజు పట్టింది, ముక్క మెత్తబడింది. జాడీ మొత్తం పారబోయవలసి వచ్చింది. అమ్మ నాకు ఇచ్చిన ఆఖరి కొలత అదే. అది నా చేతిలో పాడైందన్న బాధ అప్పటి నుంచీ నన్ను వదల్లేదు.

అమెరికాలో ఉన్న చెల్లెలు తనకు అన్నీ గ్రాముల్లో కావాలంది. నిజానికి నాకూ అదే కావాలి. గ్రాములంటే ఇష్టమని కాదు, అమ్మ చేతి కొలత మా ముగ్గురితో ఆగిపోకూడదని.

2024 డిసెంబరు 15, హైదరాబాదు

పదకొండు డైరీలకూ ఫోటోలు తీయడం పూర్తయింది. మొత్తం 742 పేజీలు. పెన్సిలుతో రాసిన చోట్ల అక్షరం వెలిసిపోయింది. అటువంటి పేజీలను కిటికీ పక్కన బల్లమీద పరిచి, ఎండ ఏటవాలుగా పడే వేళ తీస్తే, పెన్సిలు నొక్కిన గీత నీడగా కనిపించి చదవడానికి వీలవుతుందని నాలుగో రోజుకు తెలిసింది. మొదటి రెండు డైరీలను మళ్ళీ అలాగే తీశాను.

అమ్మ 1951లో రేపల్లె దగ్గర పుట్టింది. ఎనిమిదో తరగతి దాకా చదివింది. 1969లో, పద్దెనిమిదేళ్ళ వయసులో, తెనాలిలో పదకొండుమంది ఉన్న ఇంటికి పెద్దకోడలిగా వచ్చింది. దేశంలో తూనికలూ కొలతలను మెట్రిక్ పద్ధతికి మార్చిన చట్టం 1956లో వచ్చింది కనుక, అమ్మ బడిలో కిలోగ్రాములూ లీటర్లూ నేర్చుకుని ఉంటుంది. వంటింట్లో మాత్రం మా నాయనమ్మ దగ్గర గిద్ద, సోల, తవ్వ, మానిక నేర్చుకుంది. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. తొలి డైరీలలో ఈ మాటలే ఉన్నాయి. 1980 దాటాక సోల అన్న మాట తగ్గి, ఆ స్థానంలోకి గ్లాసు వచ్చింది. ఏ గ్లాసో ఎక్కడా రాయలేదు. ఇంట్లో అందరికీ తెలిసిన గ్లాసును గురించి రాసుకోవలసిన అవసరం ఆమెకు లేదు.

1986 నాటి డైరీలో ఆవకాయ పేజీ దొరికింది. కొలతలు మూడే పంక్తులు. మిగతా పేజీ అంతా ఏ సీసా ఎవరికో రాసిన జాబితా. దాని గురించి తర్వాత రాస్తాను, ఇప్పుడు ఆ మూడు పంక్తులు చాలు.

“ముక్కలు 6 గ్లా. కారం 1 ఉప్పు 1 ఆవ 1 సమానం. ఉప్పు తలకొట్టి, కారం ఆవ గోపురం. నూనె 2. మెంతులు జాడీకి చారెడు.”

ఫోనులో నాకు చెప్పినప్పుడు తలకొట్టడం, గోపురం అన్న మాటలు అమ్మ చెప్పే ఉంటుంది. నేనే రాసుకోలేదు.

2025 జనవరి 16, తెనాలి

సంక్రాంతికి వచ్చి గ్లాసు కోసం వెతికాను. వంటింటి అటక మీద, పాత బొగ్గుల కుంపటి వెనుక, ఇత్తడి గ్లాసు ఒకటి దొరికింది. అంచుకు కొంచెం కింద సొట్ట. అది నా చేతి సొట్ట. నాకు ఏడేళ్ళప్పుడు నీళ్ళు తోడుతూ బావి గట్టు మీద పడేశాను. అమ్మ తిట్టలేదు, సొట్ట ఉన్న వైపు బొటనవేలు ఆనించి పట్టుకుంటే జారదని చూపించింది. ఇప్పుడు పట్టుకుంటే నా బొటనవేలు తిన్నగా ఆ సొట్టలోకే వెళ్ళింది.

చింతపండుతో తోమి, ఆరబెట్టి, హైదరాబాదు నుంచి తెచ్చిన ఎలక్ట్రానిక్ తక్కెడ మీద తూచాను. అంచుదాకా నీళ్ళు పోస్తే 188 గ్రాములు, అంటే 188 మిల్లీలీటర్ల గ్లాసు. తర్వాత దంచి జల్లించిన కళ్ళుప్పును నింపి, అంచు మీదుగా అట్లకాడ వెనుకవైపును లాగి చదును చేశాను. అమ్మ తలకొట్టడం అనేది దీన్నే. ఉప్పు 205 గ్రాములు తూగింది. కారం పైన నిలిచినంత మేర గోపురంగా పోస్తే 98 గ్రాములు. ఆవపిండి కూడా గోపురంగా పోస్తే 103 గ్రాములు.

ఆ మూడు అంకెలనూ పక్కపక్కన చూసుకున్నాక లేచి పెరట్లోకి వెళ్ళి కాసేపు నిలబడ్డాను. అమ్మ చెప్పిన సమానం గ్లాసు సమానం. నేను పెట్టినది తూకం సమానం. కారం నూరు గ్రాములకు ఉప్పూ నూరే వేశాను. గ్లాసుతో కొలిచి ఉంటే ఉప్పు దానికి రెట్టింపు పడేది. ఇరవై రెండేళ్ళుగా పిల్లలకు రసాయనశాస్త్రం పాఠాలు చెబుతున్నాను. ఘనపరిమాణం వేరు, ద్రవ్యరాశి వేరు అని ఏటా జూన్లో మొదటి వారమే బోర్డు మీద రాస్తాను. అమ్మ మాట విన్నప్పుడు మాత్రం ఆ తేడా నాకు తట్టలేదు.

లెక్క కట్టి చూశాను. ఆరు గ్లాసుల ముక్కలు 680 గ్రాముల దాకా తూగుతాయి. అమ్మ లెక్కన నూనె కాకుండా మిగిలినదంతా కలిపితే అందులో ఉప్పు నూటికి పందొమ్మిది పాళ్ళు. నా లెక్కన పదే పాళ్ళు. ఉప్పు ముక్కలోని నీటిని బయటికి లాగి, ఆ ఊటను బూజు బతకలేనంత ఉప్పగా చేస్తుంది. పైన తేలిన నూనె గాలిని అడ్డుకుంటుంది. కాయ పులుపు, ఆవ ఘాటు ఈ రెండింటికీ తోడవుతాయి. ఈ నాలుగింటిలో ఒకటి సగానికి పడిపోతే మిగిలిన మూడూ కలిసినా పచ్చడిని కాపాడలేకపోయాయి.

గ్లాసుకు సొట్ట ఉన్నా అమ్మ లెక్క ఎందుకు తప్పలేదో కూడా ఇవాళే అర్థమైంది. అన్నింటినీ అదే గ్లాసుతో కొలిచినప్పుడు సొట్ట అన్నింటికీ సమానంగానే తగ్గిస్తుంది.

2025 ఫిబ్రవరి 9, రేపల్లె

ఇక మిగిలింది చారెడు. చారెడంటే అరచెయ్యి గుంటగా పెడితే అందులో నిలిచినంత. ఎవరి చెయ్యి అన్నదే ప్రశ్న. నా చారెడు మెంతులు పదిసార్లు తూచాను, సగటున 24 గ్రాములు వచ్చింది. కానీ నా చెయ్యి అమ్మ చెయ్యి కాదు. అమ్మ గాజుల కొలత రెండున్నర, నాది రెండుంబావు. పెళ్ళికి ముందు అమ్మ గాజులు తొడుక్కుందామని ఎన్నిసార్లు ప్రయత్నించినా అవి నా మణికట్టు మీద నిలవక జారిపోయేవి.

అమ్మ చెల్లెలు, మా పిన్ని, రేపల్లెలోనే ఉంటుంది. డెబ్బై ఏళ్ళు. చిన్నప్పుడు అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకరి గాజులు ఒకరు వేసుకునేవారని అమ్మ చెప్పేది. అందుకని అమ్మ మట్టిగాజులు ఆరింటిని చేతిరుమాలులో చుట్టి తీసుకువెళ్ళాను. పిన్ని ఒక్కమాటా అడగకుండా వాటిని తీసుకుని, బొటనవేలును అరచేతిలోకి మడిచి, ఒక్కొక్కటే ఎక్కించుకుంది. ఆరూ సులువుగానే ఎక్కాయి. అలా చేతిని ముందుకు చాపి చాలాసేపు చూస్తూ ఉండిపోయింది.

“పిన్నీ, అమ్మ చెయ్యి నీకంటే పెద్దదా?” అని అడిగాను.

“లేదే తల్లీ. మీ అమ్మది నా చెయ్యే అనుకో. వేళ్ళు మాత్రం కాస్త పొట్టి. అయినా అక్క చెయ్యి ఇలా పెట్టేది కాదు” అంటూ అరచెయ్యి పట్టి చూపించింది. చిటికెనవేలు లోపలికి మడిచి, మిగిలిన మూడు వేళ్ళనూ దగ్గరగా చేర్చి, బొటనవేలుతో పక్కన గట్టు కట్టినట్టు పెట్టింది. “మెంతులు జారిపోతాయని ఇట్లా పట్టేది. మీ నాయనమ్మ నేర్పింది. మా పుట్టింట్లో ఎవరూ ఇలా పట్టరు.”

అలా పట్టిన పిన్ని చేతిలోని మెంతులను పదిసార్లు తూచాను. 30, 32, 31, 31, 33, 30, 31, 32, 31, 31. పదిసార్లలో తేడా మూడు గ్రాములు మించలేదు. నేను అదే పట్టు పడితే 27 వచ్చింది. పుస్తకంలో 31 గ్రాములు అని రాసుకున్నాను, పక్కన పిన్ని చేతి బొమ్మ గీశాను. బొమ్మ సరిగ్గా కుదరలేదని పిన్ని తన చెయ్యి కాగితం మీద పెట్టి, చుట్టూ పెన్సిలుతో గీయించుకుంది. గాజులు తీసి ఇవ్వబోతే నేను తీసుకోలేదు.

2025 మార్చి 30, హైదరాబాదు

ఉగాది. కళ్ళుప్పు రెండు కిలోలు, గుంటూరు సన్నం మిరపకాయలు కిలో, సన్న ఆవాలు కిలో తెచ్చాను. మూడింటినీ డాబా మీద ఎండబెట్టడం మొదలైంది.

2025 ఏప్రిల్ 20, హైదరాబాదు

చిన్న ఎత్తున పరీక్షగా ఆరు గ్లాసుల ముక్కలతో పెట్టాను. ఉప్పు సరిపోయింది, ముక్క గట్టిగా ఉంది, ఊట బాగా వచ్చింది. కానీ చేదు వచ్చింది. మెంతుల వల్ల అనుకుని, మెంతులు లేకుండా ఇంకొక గ్లాసు ముక్కలు కలిపి చూశాను. అదీ చేదే. అప్పుడు ఆవపిండి మీద అనుమానం వచ్చింది.

పిన్నికి ఫోను చేస్తే, “మిక్సీలో గిర్రున తిప్పావా? పిండి వేడెక్కితే ఆవ చేదెక్కుతుంది. అక్క రోట్లోనే దంచేది. తర్వాత మిక్సీ కొన్నాక కూడా రెండు తిప్పులు తిప్పి ఆపి, పళ్ళెంలో పోసి చల్లార్చి, మళ్ళీ తిప్పేది” అంది. ఆవ గింజలో సినిగ్రిన్ అనే పదార్థం ఉంటుంది. దాని రుచి చేదు. గింజ నలిగి తడి తగిలితే మైరోసినేజ్ అనే ఎంజైము దాన్ని విడగొట్టి ఘాటైన నూనెగా మారుస్తుంది. ముక్కుకు ఎక్కేది ఆ నూనే. బూజును అడ్డుకోవడంలోనూ దానికి పాత్ర ఉంది. వేడికి ఎంజైము దెబ్బతింటే ఘాటు పుట్టదు, చేదు అలాగే మిగిలిపోతుంది. ఈ సంగతి నేను పుస్తకంలో చదివాను. అమ్మకు ఆ పేర్లేవీ తెలియవు. పిండి వేడెక్కిందో లేదో చూడడానికి మిక్సీ గిన్నె అడుగున అరచెయ్యి ఆనించేదట, అది నాకు తెలియదు.

మూడు సెకన్లు తిప్పడం, పళ్ళెంలో పరిచి ఐదు నిమిషాలు ఆగడం, మళ్ళీ మూడు సెకన్లు. ఇలా ఏడు విడతలు చేస్తే అర కిలో పిండి వచ్చింది. వేలి కొసతో నాలుక మీద పెట్టుకుంటే మొదట ఏమీ తెలియలేదు, తడి తగిలిన క్షణానికి కళ్ళ వెంట నీళ్ళు వచ్చాయి. సరైన పిండి.

2025 మే 18, తెనాలి

అసలు పని అమ్మ వంటింట్లోనే చేయాలని నిశ్చయించుకుని వచ్చాను. పిన్ని నిన్ననే వచ్చింది. నూజివీడు వైపు నుంచి వచ్చిన కొత్తపల్లి కొబ్బరి రకం మామిడికాయలు పదిహేను తీసుకున్నాము. కొనేముందు ఒక కాయ కోయించి టెంక ముదిరిందో లేదో చూడాలి, ముదరని టెంక ముక్కను పట్టుకుని ఉండదు.

తెల్లవారుజామున ఐదు గంటల నలభై నిమిషాలకు మొదలుపెట్టాము. వంటింటి గూట్లో అమ్మ రేడియో ఇప్పటికీ ఉంది. ఇన్నేళ్ళూ ఆమె రోజు విజయవాడ ఆకాశవాణి భక్తిరంజనితోనే మొదలయ్యేది. పాట ఆగి వార్తలు వచ్చేలోగా పాలు కాగి డికాషను దిగి ఉండాలి. పిన్ని వచ్చీరాగానే రేడియో పెట్టింది.

కాయలు కడిగి, తుడిచి, ఆరబెట్టడానికి నలభై నిమిషాలు. కత్తిపీట మీద ముక్కలు కొట్టడానికి గంటా యాభై. ముక్కలో జీడి తీసి, టెంకకు అంటుకున్న కాగితంలాంటి పొర గీకి, ఒక్కొక్క ముక్కనూ పొడిగుడ్డతో తుడవడానికి గంటా ముప్పై ఐదు నిమిషాలు. ముప్పై గ్లాసుల ముక్కలు వచ్చాయి, 3 కిలోల 420 గ్రాములు. ఉప్పు ఐదు గ్లాసులు తలకొట్టి, కారం ఐదు, ఆవపిండి ఐదు గోపురంగా, మెంతులు పిన్ని చేతి చారెడు, పసుపు ఒక చెంచా, పప్పునూనె పది గ్లాసులు. గుప్పెడు ముక్కలను నూనెలో ముంచి, పిండిలో దొర్లించి, జాడీలో వేసి, మళ్ళీ గుప్పెడు. ఇదే వరుస. చివర మిగిలిన నూనె పైనుంచి పోశాము. జాడీ మూతికి తెల్లగుడ్డతో వాసెన కట్టాము.

కలిపిన పళ్ళేనికి అంటుకున్న పిండిలో పిన్ని వేడన్నం వేసి కలిపింది. అమ్మ ముద్దలు చేసి మా ముగ్గురి చేతుల్లో వరుసగా పెట్టేది, ఆఖరి ముద్దే ఆమెకు. ఇవాళ పిన్ని మొదటి ముద్ద నా చేతిలో పెట్టింది. నేను రెండోది చేసి ఆమెకు పెట్టాను.

ఎండబెట్టడం, దంచడం, జల్లించడంతో సహా ఈ జాడీకి పట్టిన సమయం మొత్తం పదకొండు గంటల ఇరవై నిమిషాలు. అదీ ఇద్దరు మనుషులు, పదిహేను కాయలు, వేరే పని ఏదీ లేని రోజు. 1986 నాటి పేజీలో కాయలు 120 అని ఉంది. ఆ రోజు కూడా పదకొండుమందికి రెండుపూటలా అమ్మ వంట చేసే ఉంటుంది. 2019లో జరిగిన జాతీయ కాలవినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే స్త్రీలు జీతంలేని ఆ పనిమీద రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు గడుపుతారు. 2021 జనవరిలో సుప్రీంకోర్టు ఒక ప్రమాద పరిహారం కేసులో తీర్పు ఇస్తూ గృహిణి పనికి ఆదాయం లెక్కకట్టి తీరాలని చెప్పింది. మన ఉమ్మడి కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ ఎన్.వి. రమణ ఆ తీర్పులో తన అభిప్రాయం విడిగా రాస్తూ ఈ అంకెలనే ఉదహరించారు. ఆ తీర్పు వార్త వచ్చిన రోజు అమ్మకు చదివి వినిపించాను. శ్రద్ధగా విని, “ఆ జడ్జిగారి తల్లి సంతోషిస్తుంది” అంది. తన గురించి కూడా అనుకుందేమో అడగలేదు. అడిగి ఉండవలసింది.

2025 మే 21, తెనాలి

మూడో రోజు. వాసెన విప్పి, తిరగ కలిపాము. ఊట వచ్చింది, నూనె వేలెడు మందాన పైకి తేలింది. పిన్ని గరిటె కొసతో చుక్క తీసుకుని నాలుక మీద వేసుకుని కళ్ళు మూసుకుంది. “ఉప్పు అక్కదే” అంది.

2025 జూన్ 29, హైదరాబాదు

నలభై రెండు రోజులయ్యాయి. బూజు లేదు. ముక్క కొరికితే శబ్దం వస్తోంది. చేదు లేదు. వానాకాలం గడిచేదాకా పూర్తి మాట చెప్పలేను కానీ, సీసాల్లోకి తీయడానికి పిన్ని ఒప్పుకుంది.

1986 నాటి పేజీ మళ్ళీ తీశాను. కొలతల కింద అమ్మ రాసుకున్న జాబితా ఇది: పెద్దాడబిడ్డ 2, చిన్నాడబిడ్డ 2, రేపల్లె 3, పురుడు పోసుకున్న పక్కింటి అమ్మాయి 1 (కారం తక్కువ), మేడమీద అద్దెకున్న మాస్టారు 1, పాలమ్మాయి 1, గుడి పూజారిగారు 1. అట్టడుగున: “మాకు మిగిలినది.” అంకె వెయ్యలేదు.

నా జాబితా: పిన్ని 2, తమ్ముడు 2, చెల్లెలికి 1, ఆగస్టులో ఇటునుంచి వెళ్ళే బంధువుల చేతికి ఇచ్చి పంపాలి. తెనాలిలో అమ్మను ఆఖరి నెలల్లో చూసుకున్న ఆమెకు 1. మేడమీద మాస్టారు ఇప్పుడు లేరు, ఆయన భార్య ఉన్నారు, ఆమెకు 1. నూటికి ఎంత, గ్లాసుకు ఎంత అని రాసిన కాగితాలు, పిన్ని చేతి గీతకు నకళ్ళు తమ్ముడి సీసాకూ చెల్లెలి సీసాకూ చుట్టాను. ఇత్తడి గ్లాసు నా దగ్గరే ఉంచుకున్నాను.

మిగిలిన పచ్చడి అరసీసా ఉంది, ఇంట్లో వాడుకుంటున్నాము.

తర్వాతి పని ఉసిరికాయ. 1991 నాటి డైరీలో దానికి “ఉప్పు దోసెడు” అని ఉంది. దోసెడంటే రెండు చేతులూ కలిపి పట్టినంత. కార్తీకంలో సంవత్సరీకానికి నాలుగు రోజుల ముందే వస్తాననీ, తక్కెడ మరిచిపోకుండా తెమ్మనీ పిన్ని చెప్పింది.